న్యూట్రల్ సెక్షన్‌లో డైనమిక్ బ్రేకు లేని నలభై సెకన్లు: ఘాట్‌లో ఒక లోడు కేసు

ఘాట్‌లో లోడు గూడ్సు దించే లోకో పైలట్ల కోసం, ముఖ్యంగా అసిస్టెంట్ నుంచి కొత్తగా ప్రమోషన్ మీద వచ్చినవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. లోకో ఇన్‌స్పెక్టర్‌గా నా దగ్గరికి కౌన్సెలింగ్‌కి వచ్చిన కేసు ఇది. ఎవరికీ దెబ్బ తగల్లేదు, బండి పట్టాలు దిగలేదు, అందుకే బయట ఎవరికీ తెలియదు. ఇలాంటి కేసులే రాసి పెట్టుకోవాలని నా నమ్మకం. పైలట్ పేరు, డిపో, సెక్షన్, తేదీ ఏవీ రాయడం లేదు. తూర్పు కనుమల్లో ఒక ఘాట్ అనుకోండి, చాలు.

నేపథ్యం

వాలు 1 లో 60. అంటే 60 మీటర్లు ముందుకు వెళితే ఒక మీటరు కిందికి దిగుతాం. కసారా–ఇగత్‌పురి, కర్జత్–లోనావాలా ఘాట్లలో ఉండే 1 లో 37తో పోలిస్తే ఇది తక్కువే అనిపిస్తుంది, కానీ ఇక్కడ కిందికి దిగే దిశలోనే ఫుల్ లోడు వస్తుంది. ముడి ఖనిజం నింపిన బాక్స్‌ఎన్‌హెచ్‌ఎల్ వ్యాగన్లు 58. యాక్సిల్ లోడు 22.9 టన్నులు కాబట్టి ఒక్కో వ్యాగను 91.6 టన్నులు, రేకు (వ్యాగన్ల వరస) మొత్తం 5,300 టన్నులు దాటుతుంది. ముందు రెండు డబ్ల్యూఏజీ-9 ఇంజన్లు, ఒక్కోటి 123 టన్నులు. అన్నీ కలిపి సుమారు 5,550 టన్నులు అనుకుందాం. బండి పొడవు 650 మీటర్ల పైమాటే.

డైనమిక్ బ్రేకు అంటే ఏమిటో రైల్వేలో లేనివాళ్ళకి రెండు ముక్కల్లో చెప్తాను. ఇంజన్‌ని నడిపే మోటార్లనే దిగేటప్పుడు జనరేటర్లుగా తిప్పుతాం. కరెంటు తయారు చేయడానికి పడే ఆ శ్రమే చక్రాల్ని వెనక్కి పట్టి ఉంచుతుంది. డీజిల్ ఇంజన్లలో ఆ కరెంటుని రెసిస్టెన్స్ గ్రిడ్లలో వేడిగా తగలేస్తారు. డబ్ల్యూఏజీ-9 లాంటి త్రీఫేజ్ ఇంజన్లలో అది పైన ఓహెచ్‌ఈ వైరులోకి తిరిగి వెళ్తుంది, అందుకే దాన్ని రీజెన్ అని కూడా అంటాం. బ్రేకు బ్లాకులు అరగవు, చక్రాలు కాలవు, థ్రాటిల్‌తో ఎంత కావాలంటే అంత పెంచుకోవచ్చు, తగ్గించుకోవచ్చు. పైలట్లకి ఇదంటే ఎంత ఇష్టమో ఈ పనిలో ఉన్నవాళ్ళకి చెప్పక్కర్లేదు.

ఒక్క సంగతి మాత్రం ఎప్పుడూ గుర్తుండాలి. ఇది ఇంజన్ చక్రాల మీదే పనిచేస్తుంది, పైన వైరు కరెంటు తీసుకుంటేనే పనిచేస్తుంది. వైరులో కరెంటు లేని చోట అది లేదు. అలాంటి చోటే న్యూట్రల్ సెక్షన్: రెండు వైపుల సప్లైలు కలవకుండా మధ్యలో కరెంటు లేకుండా వదిలిన చిన్న వైరు ముక్క.

అక్కడ జరిగింది

పైలట్ యువకుడు, జాగ్రత్తగల మనిషి. రూలు పుస్తకం బాగా తెలిసినవాడు, సెక్షన్‌లో లెర్నింగ్ రోడ్ పూర్తి చేసినవాడు. పైన స్టేషన్‌లో బ్రేక్ పవర్ సర్టిఫికెట్ చూసుకున్నాడు, గాలి తోక దాకా వెళ్తోందో లేదో కంటిన్యుటీ చూశాడు, బయల్దేరాక బ్రేకు పట్టు తెలిసే బ్రేక్ ఫీల్ టెస్ట్ చేశాడు. ఆ విషయంలో వంక పెట్టడానికి ఏమీ లేదు.

1 లో 60 మీద రెండు ఇంజన్ల డీబీ (డైనమిక్ బ్రేకు) పూర్తిగా పెట్టి, ఏ-9 (బండి మొత్తానికి గాలి బ్రేకు వేసే హ్యాండిల్)తో బీపీని (బ్రేకు పైపులో గాలి ఒత్తిడి, అది తగ్గితే వ్యాగన్ బ్రేకులు పడతాయి) 5 నుంచి 4.5 దాకా దించి, గంటకు 38 కి.మీ. దగ్గర చక్కగా పట్టుకుని దిగాడు. అక్కడ లిమిట్ 40. సగం దూరం వచ్చాక వాలు కొంత మేర తగ్గి 1 లో 100 అవుతుంది. మామూలుగా న్యూట్రల్ సెక్షన్‌ని వీలైనంత చదునైన చోట పెడతారు, ఘాట్‌లో ఆ వెసులుబాటు దొరకదు కాబట్టి ఈ 1 లో 100 ముక్క మీదే పెట్టారు. అది దాటిన కాసేపటికి మళ్ళీ 1 లో 60.

వాలు తగ్గగానే స్పీడు పడిపోవడం మొదలైంది. అతను ఏ-9 రిలీజ్ చేశాడు. డీబీ ఒక్కదానితోనే స్పీడు నిలబడింది. అంతలో న్యూట్రల్ సెక్షన్ ముందు ఉండే 500 మీటర్ల బోర్డు, తర్వాత 250 మీటర్ల బోర్డు వచ్చాయి. రూలు ప్రకారం థ్రాటిల్ జీరోకి తెచ్చి డీజే (ఇంజన్‌ని వైరు కరెంటు నుంచి విడదీసే మెయిన్ సర్క్యూట్ బ్రేకర్) తెరిచాడు. ఇక బండిని పట్టుకునేది ఏదీ లేదు. డీజే మళ్ళీ మూసి డీబీ ఎక్కేసరికి స్పీడు 50. కంగారులో డీబీని ఒక్కసారిగా చివరిదాకా లాగేసరికి వెనక బ్రేక్ వ్యాన్‌లో ట్రైన్ మేనేజర్ (గార్డు) నిలబడలేక కింద పడబోయాడు. ఈలోగా ఇంజన్లు మళ్ళీ 1 లో 60లోకి వచ్చేశాయి. ఏ-9 వేస్తే ముందటి పట్టు రాలేదు, కాబట్టి ఇంకా వేశాడు, ఫుల్ సర్వీస్ (ఎమర్జెన్సీ కాకుండా వేయగలిగినంత గాలి బ్రేకు) దాకా వెళ్ళాడు. చాలా దూరం దిగాక బండి ఆగింది. చక్రాల దగ్గర పొగలు. హ్యాండ్ బ్రేకులు కట్టి, గాలి నింపుకుని, చల్లారేదాకా ఆగి దించారు.

నాతో మాట్లాడినప్పుడు అతను అన్న మాట ఇది: "సార్, డీబీ ఒక్కటే బాగా పట్టుకుంటోంది కదా, గాలి ఎందుకు ఖర్చు చేసుకోవడం, ఈలోగా వ్యాగన్ల గాలి రిజర్వాయర్లు నిండుతాయి కదా అని రిలీజ్ చేశాను." ఇందులో ఒక్క ముక్క కూడా తెలివితక్కువది కాదు. నేను చాలామంది దగ్గర ఇదే మాట విన్నాను. అందుకే దీన్ని ఒకడి పొరపాటుగా తీసి పక్కన పెట్టడం నాకు ఇష్టం లేదు.

నా దగ్గరికి రాకముందు చేసి చూసినవి

ఎక్స్‌ప్లనేషన్ రాసిచ్చాక లాబీలో సీనియర్లు అతనికి ఇచ్చిన సలహా ఒకటే, స్పీడు తగ్గించి దిగు అని. తర్వాతి ట్రిప్పుల్లో 30 దాటకుండా దిగాలని చూశాడు. న్యూట్రల్‌లో స్పీడు పెరిగినా 40 దగ్గరే ఉంటుంది కాబట్టి కాగితం మీద సమస్య తీరినట్టే. కానీ స్పీడోమీటర్ డేటా డౌన్‌లోడ్ చేసి చూస్తే గ్రాఫు రంపం పళ్ళలా ఉంది. 31 రాగానే ఏ-9 వేయడం, 26కి పడగానే రిలీజ్, మళ్ళీ వేయడం. టెన్షన్‌లో ఉన్న మనిషి చెయ్యి అలాగే పోతుంది. గాలికి ఒకే పైపు ఉండే సింగిల్ పైప్ రేకులో వ్యాగన్ ఆక్జిలరీ రిజర్వాయర్ (బ్రేకు వేయడానికి గాలి దాచే ట్యాంకు) నిండాలంటే బీపీ ద్వారానే నిండాలి, 58 వ్యాగన్ల చివరిదాకా గాలి చేరి నిండటానికి టైం పడుతుంది. అది నిండకముందే మళ్ళీ వేస్తే పట్టు తగ్గుతుంది, మళ్ళీ వేస్తే ఇంకొంచెం తగ్గుతుంది. క్యాబ్‌లో గేజి 5 చూపిస్తున్నా అది ఇంజన్ దగ్గరి లెక్క, తోక దగ్గర అంత ఉండదు. స్పీడు తక్కువగానే ఉన్నా చేతిలో ఉన్న బ్రేకు మాత్రం కిందికి దిగేకొద్దీ కరిగిపోతోంది. నన్ను అడిగితే మొదటి సంఘటన కన్నా ఇదే ఎక్కువ ప్రమాదం.

రెండోది అతని సొంత నిర్ణయం. న్యూట్రల్‌లో పోయే బ్రేకుని అసలు నమ్మను అనుకుని డీబీ నామమాత్రంగా పెట్టి, దాదాపు మొత్తం బరువు ఏ-9 మీద వేసి దిగాడు. న్యూట్రల్‌లో స్పీడు కదల్లేదు. కానీ కింద స్టేషన్‌లో క్యారేజ్ స్టాఫ్ చక్రాలు ముట్టుకోలేనంత వేడిగా ఉన్నాయని, బ్లాకులు కాలిన వాసన వస్తోందని రిపోర్టు ఇచ్చారు. అప్పుడు కేసు నా దగ్గరికి వచ్చింది.

లెక్క

కౌన్సెలింగ్‌లో నేను ముందు కాగితం, పెన్ను ఇస్తాను. జాగ్రత్తగా నడపమని చెప్తే ఎవరికీ ఏమీ అందదు. ఎంత బలం ఎటు లాగుతోందో కళ్ళ ముందు కనపడితే మనిషి తనంతట తనే ఆలోచిస్తాడు. మేమిద్దరం కూర్చుని వేసిన లెక్క ఇది, అన్నీ సుమారు అంకెలే.

5,550 టన్నుల బండిని 1 లో 60 వాలు కిందికి లాగే బలం 92 టన్నులు. బండి కదలికకి ఉండే సహజ నిరోధం ఒక 8 టన్నులు తీసేస్తే, స్పీడు పెరగకుండా ఉండాలంటే 84 టన్నుల బ్రేకు కావాలి. డబ్ల్యూఏజీ-9 గరిష్ఠ డైనమిక్ బ్రేకు 260 కిలోన్యూటన్లు, అంటే 26 టన్నుల చిల్లర. రెండింటికి 53. మిగతా 31 టన్నులు వ్యాగన్ బ్రేకులు ఇవ్వాలి. అతను బీపీ 4.5 దగ్గర పెట్టినప్పుడు వస్తున్నది దాదాపు అదే.

ఇప్పుడు 1 లో 100. లాగే బలం 55 టన్నులు, నిరోధం పోతే 47. రెండు ఇంజన్ల డీబీ 53. సరిపోయింది! గాలి బ్రేకు అక్కర్లేదు అని అతనికి అనిపించింది ఇందుకే, ఆ క్షణానికి అది నిజమే కూడా. కానీ ఆ 47 టన్నులూ ఒకే చోట ఉన్నాయి. న్యూట్రల్ బోర్డు దగ్గర థ్రాటిల్ జీరోకి తెచ్చిన క్షణం నుంచి, అవతల డీజే మూసి డీబీ మళ్ళీ పూర్తిగా ఎక్కేదాకా సుమారు నలభై సెకన్లు అనుకుంటే, 47 టన్నుల బలం పట్టపగ్గాల్లేకుండా 5,550 టన్నుల్ని తోస్తుంది. లెక్క కడితే 12 కి.మీ. స్పీడు పెరుగుతుంది. 38కి 12 కలిపితే 50. స్పీడోమీటర్‌లో ఉన్నది సరిగ్గా అదే. ఆ అంకె కాగితం మీద వచ్చినప్పుడు అతను చాలాసేపు మాట్లాడలేదు.

రెండో పద్ధతి ఎందుకు విఫలమైందో కూడా లెక్కలోనే ఉంది. 84 టన్నులూ బ్లాకుల మీదే వేసి 40లో దిగితే, 58 వ్యాగన్ల 464 చక్రాల్లో ఒక్కో చక్రం దగ్గర సుమారు 20 కిలోవాట్ల వేడి పుడుతుంది. ఇంట్లో వాడే ఇస్త్రీ పెట్టెలు ఇరవై ఒక్కో చక్రానికి ఆనించి ఘాట్ అంతా అలాగే ఉంచినట్టు. డీబీ తన 53 టన్నులు మోస్తే ఆ వేడి 7 కిలోవాట్లకి పడిపోతుంది. బ్లాకు వేడెక్కేకొద్దీ దాని పట్టు తగ్గుతుంది, తగ్గిందని ఇంకా గాలి వేస్తాం, ఇంకా వేడెక్కుతుంది. నిజంగా ఆపాల్సి వచ్చినప్పుడు మిగిలేది తక్కువ.

కాబట్టి డీబీ మానేయడం జవాబు కాదు, డీబీ ఒక్కదాని మీదే వేలాడటమూ కాదు. నేను అతన్ని అడిగిన ప్రశ్న ఒకటే: ఈ క్షణంలో డీబీ పోతే, బండి మీద అప్పటికే పట్టుకుని ఉన్న బ్రేకు ఎంత?

పని చేసింది

అతను చేసినదానికి సరిగ్గా తిరగేశాం. వాలు తగ్గినప్పుడు గాలి వదలకూడదు, డీబీ తగ్గించాలి.

1 లో 60 మీద డీబీ 53, గాలి 31. వాలు 1 లో 100కి మారినప్పుడు కావాల్సింది 47. గాలి 31 అలాగే ఉంచేస్తే డీబీ 16 చాలు. అప్పుడు న్యూట్రల్‌లో పోయేది 16 టన్నులే, ఆ నలభై సెకన్లలో పెరిగే స్పీడు 4 కి.మీ. బోర్డు దగ్గరికి 34లో వస్తే 38లో బయటపడతాం. అవతల 1 లో 60 మొదలయ్యేసరికి గాలి బ్రేకు తన స్థానంలోనే ఉంది, డీబీని మెల్లగా 53కి ఎక్కించుకుంటే సరి. ఒక్కసారి కూడా రిలీజ్ చేయలేదు కాబట్టి రిజర్వాయర్లు ఖాళీ అయ్యే ప్రశ్నే లేదు. వేడి సంగతి అతనే అడిగాడు. చక్రానికి 7 కిలోవాట్లు 1 లో 60 మీద ఎంతో ఇక్కడా అంతే, పెరగదు.

ఫుట్‌ప్లేట్ మీద (ఇంజన్ క్యాబ్‌లో) అతనితో వెళ్ళి చూసినప్పుడు కాగితం మీద లేనివి కొన్ని బయటపడ్డాయి. ఇంజన్లు 1 లో 100లోకి వచ్చిన వెంటనే వాలు తగ్గినట్టు కాదు. తోక ఇంకా 1 లో 60 మీదే ఉంటుంది. 40 స్పీడులో బండి పొడవంతా మారడానికి ఒక నిమిషం పడుతుంది. అంటే డీబీ తగ్గింపు కూడా ఆ నిమిషమంతా పరచుకుని రావాలి, బోర్డు చూసి చటుక్కున కాదు. ఇంకొకటి, 250 బోర్డు దాకా ఆగి థ్రాటిల్ జీరో చేస్తే తొందర పడాల్సి వస్తుంది. 500 బోర్డు దగ్గరే మొదలుపెడితే వ్యాగన్లని కలిపే కప్లర్ల మధ్య స్లాక్ (వదులు) మెల్లగా విచ్చుకుంటుంది. డీబీలో ఉన్నప్పుడు వ్యాగన్లన్నీ ఇంజన్ మీదికి ఒరిగి ఉంటాయి, ఒక్కసారిగా వదిలితే అవి విచ్చుకునే కుదుపుకి నకుల్ (కప్లర్ కొక్కెం) విరిగి బండి రెండు ముక్కలైన కేసులు ఉన్నాయి. తిరిగి పెట్టేటప్పుడు ఒక్కసారిగా పెడితే వెనక నుంచి గుద్దుకుంటాయి, బ్రేక్ వ్యాన్‌లో ట్రైన్ మేనేజర్ పడబోయింది ఆ కుదుపుకే. ఖాళీ వ్యాగన్లు వంపులో ఉంటే ఆ ఒత్తిడికి చక్రం పట్టా ఎక్కే ప్రమాదం కూడా ఉంది. గాలి బ్రేకు బండి పొడవునా కొద్దిగా పట్టి ఉంటే ఈ రెండు కుదుపులూ బాగా తగ్గుతాయి. ఇది ట్రైన్ మేనేజరే ఫోన్‌లో చెప్పాడు, ఈసారి న్యూట్రల్ ఎప్పుడు దాటామో తెలియలేదని.

ఏ-9 పట్టి ఉంచినంతసేపూ, దానితో ఇంజన్ మీద కూడా పడే లోకో బ్రేకుని పీవీఈఎఫ్ పెడల్‌తో (కాలితో నొక్కేది) వదిలించుకోవాలి. 123 టన్నుల ఇంజన్ మీద 26 టన్నుల డీబీ అంటే పట్టాకీ చక్రానికీ మధ్య ఇరవై శాతం దాటిన పట్టు అడుగుతున్నాం. దాని మీద ఎస్ఏ-9 (ఇంజన్ ఒక్కదాని గాలి బ్రేకు) కూడా వేస్తే తడి పట్టా మీద చక్రం జారిపోతుంది, టైరు చదునవుతుంది, ఉన్న డీబీ కూడా పోతుంది. వానాకాలంలో నేను 53 టన్నులు దొరుకుతాయని అనుకోను, లెక్కే తగ్గించి వేసుకోమంటాను. అంటే ఎంట్రీ స్పీడు ఇంకా తక్కువ, గాలి కొంచెం ఎక్కువ.

మన వ్యాగన్ల డిస్ట్రిబ్యూటర్ వాల్వు (బీపీని బట్టి బ్రేకు వేసి, వదిలేది) గ్రాడ్యుయేటెడ్ రిలీజ్ రకం కావడం ఇక్కడ మనకి వరం. బీపీ 4.5 నుంచి 4.6కి పెంచితే బ్రేకు కొంచెమే వదులుతుంది, సర్దుకోవచ్చు. అమెరికా గూడ్సు బళ్ళలో డైరెక్ట్ రిలీజ్, వదలడం మొదలైతే మొత్తం వదిలేస్తుంది. అందుకే అక్కడివాళ్ళు డీబీ మీద మనకన్నా ఎక్కువ ఆధారపడతారు. దాని ఖరీదు 1989 మే 12న కాలిఫోర్నియాలోని శాన్ బెర్నార్డినోలో తెలిసింది. కాహోన్ పాస్ నుంచి 69 వ్యాగన్ల ట్రోనా ఖనిజంతో దిగుతున్న బండి అది. లోడు కాగితాల మీద 6,100 టన్నుల చిల్లర, నిజానికి 8,900 దాటింది. ఆరు ఇంజన్లలో కొన్నింటి డైనమిక్ బ్రేకులు పనిచేయడం లేదు, ఆ సంగతి నడిపేవాళ్ళకి పూర్తిగా తెలియదు. స్పీడు పెరుగుతుంటే వెనక ఇంజన్ నుంచి ఎమర్జెన్సీ బ్రేకు వేశారు. ఎమర్జెన్సీ పడగానే మిగిలిన డైనమిక్ బ్రేకు కూడా కట్ అయిపోయింది. బండి వంపులో పట్టాలు తప్పి ఇళ్ళ మీద పడింది, నలుగురు చనిపోయారు. ఈ కేసు చెప్పినప్పుడు మా పైలట్ అడిగిన ప్రశ్న నాకు చాలా నచ్చింది: "అయితే ఎమర్జెన్సీ వేయకూడదా సార్?" వేయాల్సి వస్తే వేయాల్సిందే, వెనకాడకూడదు. కానీ అది వేసిన క్షణం నుంచి 84 టన్నులూ బ్లాకులే మోయాలి, అప్పటికి అవి చల్లగా ఉండాలి, రిజర్వాయర్లు నిండి ఉండాలి. పై నుంచి ఎలా దిగాం అన్నదే అక్కడ తేలుతుంది.

ఇప్పుడు పైలట్లకి చెప్తున్నవి

ఘాట్ నెత్తిన స్టేషన్ దాటాక, అసలు వాలు మొదలయ్యే ముందు, డీబీ రెండు ఇంజన్లలోనూ వస్తోందా అని తప్పకుండా చూడమంటున్నాను. లీడింగ్ ఇంజన్ మీటర్ చూసి రెండూ పనిచేస్తున్నాయని అనుకోవద్దు. ట్రెయిలింగ్ (వెనక) ఇంజన్‌లో ఒక బోగీ (ఇంజన్ చక్రాలు, మోటార్లలో సగం ఉండే చట్రం) ఐసోలేట్ అయి, అంటే పనిలోంచి విడదీసి ఉంటే 53 కాదు, 40 టన్నులే. ఆ తేడా పైన తెలిస్తే కంట్రోల్‌తో మాట్లాడుకోవచ్చు, స్పీడు తగ్గించుకోవచ్చు. మధ్యలో తెలిస్తే చేయగలిగేది చాలా తక్కువ.

ఓహెచ్‌ఈ ట్రిప్ అయితే (వైరులో కరెంటు పోతే) ముందు చెప్పే బోర్డు ఏమీ ఉండదు. న్యూట్రల్ సెక్షన్ ఎక్కడ ఉందో మనకి తెలుసు, ట్రిప్పింగ్ ఎక్కడైనా రావచ్చు. 1 లో 60 మధ్యలో వస్తే 53 టన్నులు ఒక్కసారిగా పోతాయి. అప్పుడు స్పీడు సెకనుకి గంటకు 0.3 కి.మీ. పైగా పెరుగుతుంది. ఏ-9 వేశాక 58 వ్యాగన్లలో బ్రేకు పూర్తిగా ఎక్కేదాకా అది పెరుగుతూనే ఉంటుంది. కాబట్టి లిమిట్ 40 అయినా అక్కడ 40లో దిగవద్దంటాను, 35 చాలు. ఆ 5 కి.మీ.లే మనకి దొరికే టైం. అసిస్టెంట్ కూడా ఓహెచ్‌ఈ వోల్టేజి మీద ఒక కన్ను వేసి ఉంచి, పడగానే గట్టిగా పిలవాలి, పైలట్ అడిగేదాకా ఆగకూడదు.

చివరి మాట ఆగేటప్పటి గురించి. స్పీడు బాగా పడిపోయి గంటకు 10 కి.మీ. కిందికి వచ్చాక డీబీ తగ్గిపోతుంది, నిలబడ్డ బండిని అసలు పట్టుకోలేదు. వాలులో సిగ్నల్ దగ్గర ఆగాల్సి వస్తే 15 దగ్గరే గాలి పెంచుకుని ఆపాలి. ఎక్కువసేపు ఆగితే రూలు ప్రకారం హ్యాండ్ బ్రేకులు కట్టించాలి. బయల్దేరే ముందు తోక దగ్గర బీపీ ఎంత ఉందో ట్రైన్ మేనేజర్‌ని వాకీటాకీలో అడిగి, అతను అంకె చెప్పాకే వదలాలి. మా పైలట్ ఇప్పుడు ఆ అంకెని తన డైరీలో రాసుకుంటున్నాడు, కొత్తగా వచ్చే అసిస్టెంట్లకి కూడా అదే అలవాటు చేస్తున్నాడు.